పదిగంటల ఎండ

పార్సిల్ వాపసొచ్చింది.
సుతిలి మాదే, ముడి మాది కాదు.
విప్పితే చీర, చీర మీద చీటీ:
"ఫోన్‌లో చూసిన రంగు ఇది కాదు."

అంబిక నా చెల్లె బిడ్డ.
నారాయణపేట చీరలని గ్రూపు పెట్టింది,
మూడొందల నలభైమంది ఉన్నరట అండ్ల.
ఒక్కల మొఖం నేను చూడలే.
వాళ్లు గూడ నా మొఖం చూడలే.
చీర పట్టుకొని నిలబడితే
మెడ కాడికే వస్తది ఫోటో.
చేతులొస్తయి,
కండెలు చుట్టి చుట్టి దారం కోసిన చూపుడేలు.
"పెద్దమ్మా, ఆ ఏలు మడువు" అంటది.
మడుస్త.

ఎనకట సంతల గురుమిట్కల్ ఆమె ఒకామె,
కొంగు ఇంత విప్పి రెండేళ్ల నడుమ నలిపి
"నీడల చూపిస్తే ఎట్ల, ఎండకు పట్టు" అని
మెట్లు దిగి బజార్ల నిలబడేది.
అంచు తిరగేసి ఎనక పోగులు చూసేది.
అద్ధగంట తిట్టి, ఇరవై రూపాయలు తగ్గించుకొని
నీళ్లడిగి తాగి పోయేది.
గిప్పుడూ బొటనేలే బేరం జేస్తది.
అద్దం మీద కిందికెల్లి మీదికి ఒక్క తోపు,
ఎనిమిది దినాల నేత ఎగిరిపోతది.
ఎనుకనే ఎవల్దో చెప్పుల జత వస్తది.

అట్లని ఫోన్‌ను తిట్ట.
సేటు మూడు నెలలకు లెక్కజేసి ఇచ్చేటి పైసలు
పొద్దున చీర చూపిస్తే మాపటికి టింగుమంటయి.
మొన్న వానకు మగ్గం గుంతల నీళ్లొస్తే
ఆ టింగులతోనే గోడ లేపినం.
మా ఆయన మంచిగున్నదనడు, చెడ్డగున్నదనడు.
చార్జింగ్ వైరు మగ్గం గుంజకు కట్టిండు, అంతే.

వాపసొచ్చిన చీరను దండెం మీదేసి
ఫోన్ల ఫోటోను పక్కకు పట్టిండు.
దండెం మీద వంకాయ రంగు.
ఫోన్ల బచ్చలిపండు.
పక్కింటి మోనప్ప ఫోన్ల ఇంకో తీరు.
విశాఖపట్నం ఆమె ఫోన్ల ఏ పండు కాసిందో
ఎవలకెరుక.

ఒక్క పడుగు మీద ఎనిమిది చీరలు మావి.
ఒకటి పోయి తిరిగొచ్చింది, రెండు మడతల,
అయిదు ఇంకా మగ్గం మీద.

ఏమనుకున్నడో, కాగుల నీళ్లు కాగబెట్టిండు.
ఒక చేతుల కట్టె, ఒక చేతుల ఫోను.
ఎర్ర పొడి చిటికెడు, మల్లింత,
నీలం గోరంత.
ముంచుడు, తీసుడు, ఫోను పక్కకు పట్టుడు.
ఆవిరికి అద్దం మసకవడితే లుంగీతోని తుడుచుడు.
పొద్దుగూకేసరికి దండెం మీద తొమ్మిది లడీలు,
ఉల్లిపొర కాడికెల్లి కమిలిన నెత్తురు దాక.
అన్ని రంగులొచ్చినయి. ఆ రంగు రాలే.
గప్పుడే కరెంటు పోయింది.
చీకట్ల ఫోన్ల చీర ఒక్కటే ఎలుగుతున్నది.
దినమంతల మొదటి మాట అన్నడు:
"ఈ రంగుకు ఎనక దీపమున్నదే.
దీపాన్ని నేను యాడ నానబెట్టాలె?"

తెల్లారి పదిగంటలకు, అంబిక ఫోటోలు తీసే ఏళకు,
అదే చీరను వాకిట్ల ఎండకు అడ్డం పట్టినం.
నేనొక దిక్కు, ఆయనొక దిక్కు.
పోగు పోగు నడుమకెల్లి ఎండ ఈ పక్కకొచ్చింది.
బచ్చలిపండు!
గంతసేపే. మబ్బొచ్చింది. వంకాయ.

అంబిక చేతులకెల్లి ఫోను గుంజుకొని మాట్లాడిన.
నా గొంతు చీరెంట పోవుడు అదే మొదలు:
"అమ్మా, చీర అబద్ధం కాదు, ఫోటో అబద్ధం కాదు.
మల్ల పంపుత, పైసలు నచ్చినంకనే ఇయ్యి.
ఇంట్ల లైటు కింద విప్పకు.
పదిగంటలకు వాకిట్ల నిలబడి ఎండకు పట్టు.
ఇంకొకల్లను ఆ కొస పట్టుకొమ్మను.
అప్పటికీ నచ్చకుంటే..."
ఏలు జారింది. సగం మాటే పోయింది.

రెండు గీతలొచ్చినయి, బూడిద రంగువి.
కండె చుట్టుకుంట చూస్తనే ఉన్న.
మాపటికి నీలమైనయి.
జవాబు లేదు.

మా ఆయన కాగు వంచి
నిన్నటి నీళ్లు మోరిల పారబోసుకుంట అడిగిండు:
"ఆ నీలమన్న
ఎవల ఫోన్ల చూసినా ఒక్కతీర్గనే ఉంటదా?"